షీటులోంచి తీసేసిన రెండు వరుసలు

ఈ మే నెల మొదటి వారంలో, ఎండ అప్పుడే ముదురుతున్న వేళ, తిరువూరులో మా నీటి పరీక్షల ల్యాబు ముందు నుంచి మైకు కట్టిన ఆటో ఒకటి మెల్లగా పోయింది. పదో తరగతి పాసై సైన్సు గ్రూపుల్లో చేరబోయే పిల్లలకు నలభై రోజుల బ్రిడ్జి కోర్సు, తెలుగు మీడియం నుంచి వచ్చేవాళ్ళు ఏమాత్రం భయపడనక్కర్లేదు, అనుభవజ్ఞులైన అధ్యాపకులు, ల్యాబు సౌకర్యం కలదు అంటూ రికార్డు చేసిన ఒక ఆడగొంతు వీధి చివరిదాకా వినిపిస్తూనే ఉంది. నేను ఆ సమయానికి పెనుగొలను నుంచి వచ్చిన బోరు నీళ్ళ నమూనాను బ్యూరెట్టు కింద పెట్టి రంగు మారే చుక్క కోసం చూస్తున్నాను. రంగు మారడమూ అయింది, దాటిపోవడమూ అయింది. ఆ నమూనా పారబోసి, ఫ్లాస్కు మూడుసార్లు కడిగి, మళ్ళీ మొదలుపెట్టాను. రెండోసారి కూడా దాటిపోయింది.

నాకు ముప్పై నాలుగేళ్ళు. జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని తెలుసు. అయినా నా ఈడువాళ్ళకు, ముఖ్యంగా ఊళ్ళో హైస్కూల్లో తెలుగులో చదివి ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడ్డవాళ్ళకు, ఆ నలభై రోజులు ఎలాంటివో విడమరచి చెప్పక్కర్లేదు. పది ఫలితాలు రావడానికీ, జూన్‌లో కాలేజీ తెరవడానికీ మధ్య, మిగతా లోకమంతా మామిడికాయలు తింటూ మధ్యాహ్నం పూట నిద్రపోయే రోజుల్లో, మనం మాత్రం ఇనప కుర్చీల్లో కూర్చుని, త్వరణాన్ని ఇంకో పేరుతో, కిరణజన్య సంయోగక్రియను ఇంకో పేరుతో, అప్పటిదాకా మనకు తెలిసిన ప్రతిదాన్నీ ఇంకో పేరుతో మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాం. తెలిసిన సంగతే తెలియనిదైపోవడం ఎంత అవమానంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. నేను ఆ కోర్సులో ఒకసారి విద్యార్థిగా కూర్చున్నాను, ఆరేళ్ళ తరవాత ఇంకోసారి అధ్యాపకుడిగా నిలబడ్డాను. చెప్పదలచుకున్నది ఆ రెండోసారి సంగతి.

కెమికల్ ఇంజనీరింగు పూర్తిచేసి, పదిహేడు చోట్ల దరఖాస్తు పెట్టి, మూడు చోట్ల ఇంటర్వ్యూకు వెళ్ళి, ఎక్కడా కుదరక ఊరికి తిరిగొచ్చిన వేసవి అది. బస్టాండుకు అవతల ఒక ఎరువుల కొట్టు ఉండేది, దాని మీది రెండు అంతస్తుల్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ. పైకి మెట్లెక్కుతుంటే పురుగుమందుల వాసన, లోపలికి వెళితే కొత్త సున్నం వాసన. ప్రిన్సిపాల్ గారు నా సర్టిఫికెట్లు చూసి, రేపటి నుంచి వచ్చెయ్యండి, కెమిస్ట్రీ బ్రిడ్జి మీదే అన్నారు. అంత సులువుగా ఉద్యోగం వస్తుందని నేననుకోలేదు. ఫిజిక్సు చెప్పే ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను తమ్ముడూ అని పిలిచేవారు. ఎలా మొదలుపెట్టాలో ఆయనే నేర్పించారు.

మొదటిరోజు పిల్లలంతా తమ పదో తరగతి సైన్సు పుస్తకాలు తెచ్చి ఆఫీసు గదిలో ఒప్పజెప్పాలి. అది ఆ కాలేజీ ఆనవాయితీ. పుస్తకం ఇంట్లో ఉంటే వెనక్కి చూస్తారు, వెనక్కి చూసేవాడు ముందుకు పోలేడు అని ప్రిన్సిపాల్ గారి నమ్మకం. నేను పేర్ల జాబితా పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, పుస్తకం తీసుకోవడం, పేరు ఎదురుగా టిక్కు పెట్టడం, గోనెసంచిలో వెయ్యడం, వరసగా నలభై ఆరు మందికీ చేశాను. ఆ తరవాత బోర్డు ముందు నిలబడి, ఫిజిక్సు ఆయన నాకు చెప్పిన మాటనే పిల్లలకు చెప్పాను. పదిలో చదివింది ఇక్కడితో మర్చిపోండి. ఆ మాట అంటుంటే నాకు ఒకరకమైన హుషారు కలిగిందని దాచుకోను. ఎందుకంటే ఆరేళ్ళ కిందట నాతోనూ ఎవరో అదే మాట అన్నారు, నేను మర్చిపోయి, ఇంజనీరునయ్యాను.

పుస్తకాలు లేవు కాబట్టి షీట్లు ఉండేవి. రోజుకొక పాఠం, పాఠానికొక షీటు, షీటుకు ఒకవైపే అచ్చు. ఎదురు జిరాక్సు షాపులో మిషను రెండు వైపులా తియ్యలేదు, రెండో కాగితానికి ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోరు. షీటులో లేనిది మనకొద్దు అనేది రెండో నియమం. నాకా పని ఎంతో ఇష్టంగా ఉండేది. ఏ సంగతినైనా వరసలుగా విడగొట్టి, అంకెలు వేసి, ఒక పేజీలో ఇమడ్చడంలో నాకు మించినవాడు లేడనుకునేవాణ్ణి. మొత్తం ముప్పై ఒక్క షీట్లు తయారుచేశాను. ఒక్కదాంట్లోనూ అక్షరం తప్పు లేదు.

ఆ నలభై ఆరు మందిలో వినగడప నుంచి వచ్చే అమ్మాయి ఒకతె. తండ్రి మామిడి తోటల్లో కాయకోతకు వెళ్ళేవాడు, తల్లి మిరప కోతకూ, పత్తి తీతకూ. బైపీసీ తీసుకుని, ఆ తరవాత ఆస్పత్రి ల్యాబుల్లో రక్తపరీక్షలు చేసే చదువు చదవాలని దాని కోరిక. కోర్సు చివర పరీక్షలో గట్టెక్కనివాళ్ళను ఆర్ట్స్ గ్రూపులోకి పంపేస్తారని చెప్పారు కాబట్టి, ఆ పిల్లకు ఆ నలభై రోజులూ ప్రాణం మీదికి వచ్చినట్టుండేది. షీటు ఇవ్వగానే మడతపెట్టకుండా పరీక్ష అట్టకు బిగించేది, మర్నాటికి మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా పొల్లుపోకుండా అప్పజెప్పేది. దాని పక్కన కూర్చునే ఎ.కొండూరు అమ్మాయి దీనికి పూర్తిగా భిన్నం. క్లాసులో తెలుగు మాట్లాడితే నిలబెట్టేవాళ్ళం కదా, ఒక మధ్యాహ్నం ఫ్యాను ఆగిపోతే అది లేచి, ఎంతో వినయంగా, "సార్, ఫ్యాన్ ఈజ్ నాట్ గివింగ్ గాలి సార్" అంది. సరిగ్గా చెప్పమన్నాను. "గాలొచ్చాక చెప్తాను సార్, ఇంగ్లీషు చెమటకి కారిపోతంది" అని కూర్చుంది. క్లాసంతా నవ్వింది, నేను కూడా నవ్వాను. వినగడప అమ్మాయి మాత్రం నవ్వుతూనే షీటు మీది వేలు తియ్యలేదు. "నవ్వేప్పుడన్నా వదలవే దాన్ని, జిరాక్సు మిషనూ" అని ఎ.కొండూరు అమ్మాయి దాని జడ లాగింది. ఆ రోజు నుంచి అందరూ దాన్ని జిరాక్సు అనేవాళ్ళు.

మూడో వారంలో ఒకరోజు, క్లాసు అయిపోయి అందరూ వెళ్ళాక, ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఆగి ఒక సందేహం అడిగింది. "సార్, పదిలో మేం చదివిందంతా తప్పా అండి?" నేను ఆలోచించాను. ఆలోచించి, కచ్చితమైన సమాధానం చెబుతున్నాననుకుని, తప్పని కాదు, ఇంక అక్కర్లేదు అన్నాను. ఆ పిల్ల తల ఊపి వెళ్ళిపోయింది.

కోర్సులో చివరి వారాన్ని ల్యాబు వారం అనేవారు. నిజానికి మొదటి సంవత్సరం పిల్లలకు ప్రయోగాలు అప్పుడే అక్కర్లేదు. తల్లిదండ్రులను పిలిచి, తెల్లకోట్లు వేసుకున్న పిల్లలను చూపించి, ఫొటోలు తీసి, వచ్చే ఏటి కరపత్రంలో వెయ్యడానికి పెట్టిన వారం అది. ల్యాబుకు ఒక అటెండరు ఉండేవాడు. పాతికేళ్ళు ఎక్కడో ప్రభుత్వ కాలేజీలో చేసి రిటైరై ఇక్కడ చేరిన మనిషి. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ముందురోజు సాయంత్రం సీసాలు తుడుస్తూ, "యాసిడ్డు నేను పొద్దున్నే కలిపి పెడతాను సారూ, పిల్లకాయల చేతికి పలచనిది ఇద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలచన చెయ్యడమే రేపటి పాఠం, అది కూడా మనమే చేసిపెడితే పిల్లలు నేర్చుకునేదేముంది బాబాయ్ అన్నాను. ఆయన గుడ్డ భుజాన వేసుకుని, "మీరు చదువుకున్నోళ్ళు, మీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు.

ఆ పాఠానికి షీటు అప్పటికే తయారైంది. కంప్యూటరులో కొట్టి చూస్తే పేజీకి రెండు వరుసలు ఎక్కువ వచ్చాయి. అక్షరాలు చిన్నవి చేస్తే జిరాక్సులో అలికినట్టు పడేవి. పైన కాలేజీ పేరు, దాని కింద ఉద్దేశం, పరికరాలు, ఇవి తియ్యడానికి వీల్లేదు. చివరికి రెండు వరుసలు తీసేశాను. ఒకటి పరీక్షనాళికలు కడిగి బోర్లించమనేది. రెండోది, బీకరులో ముందు నీళ్ళు తీసుకుని ఆమ్లాన్ని గోడ వెంబడి కొద్దికొద్దిగా పొయ్యాలి, ఏ పరిస్థితిలోనూ నీళ్ళను ఆమ్లంలో పొయ్యరాదు అనేది. ఇది ఎలాగూ నోటితో చెబుతాను కదా అనుకున్నాను. అవి పోగా మిగిలినవాటికి అంకెలు సరిచేశాను. మూడో వరుసలో ఐదు మిల్లీలీటర్ల గాఢ ఆమ్లం తీసుకోండి అనీ, నాలుగో వరుసలో నీటితో ఇరవై ఐదు మిల్లీలీటర్లకు నింపండి అనీ ఉంది. పేజీ సరిగ్గా సరిపోయింది. చూసుకుని తృప్తిపడ్డాను కూడా.

మర్నాడు పదిన్నరకు పిల్లలు ల్యాబులోకి వచ్చారు. బల్లకు ముగ్గురు చొప్పున నిలబెట్టి, షీట్లు పంచి, నేను చెప్పవలసింది చెప్పబోతుండగా ప్రిన్సిపాల్ గారు తలుపు దగ్గరికి వచ్చి, ఒక్క రెండు నిమిషాలు, పేరెంట్సు మిమ్మల్ని చూడాలంటున్నారు అన్నారు. చూసి చేస్తుండండి, షీటులో ఉన్నట్టే చెయ్యండి అని పిల్లలకు చెప్పి బయటికి వెళ్ళాను. అవే నా మాటలు, అక్షరం మార్చలేదు. వరండాలో నేను ఇంజనీరింగులో ఎన్నో ర్యాంకో ప్రిన్సిపాల్ గారు ఎవరికో చెబుతుండగా లోపల చిటపటమని నూనెలో తడి పడ్డట్టు చప్పుడైంది. ఆ వెంటనే ఎ.కొండూరు అమ్మాయి కేక.

అన్ని బల్లల్లోకీ ముందు మొదలుపెట్టింది వినగడప అమ్మాయే. ఐదు మిల్లీలీటర్ల ఆమ్లం తీసుకుంది, మట్టానికి కన్ను ఆనించి సరిచూసుకుంది, తరవాత నీళ్ళు పోసింది. ఆమ్లం ఒక్కసారిగా కాగి ఎడమ కంట్లోకీ, చెంప మీదికీ చిమ్మింది. అటెండరు బాబాయ్ ఆ పిల్లను ఒక్క లాగున కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. కుళాయిలో నీళ్ళు లేవు. ఎండాకాలం, ట్యాంకు తొమ్మిదింటికే ఖాళీ అయ్యేది. వరండాలో పేరెంట్సు కోసం పెట్టిన మంచినీళ్ళ టిన్ను ఎత్తుకొచ్చి మొత్తం ఆ కంట్లోనే పోశాడు. ఆ అమ్మాయి కంట్లో నీళ్ళు పడుతున్నంతసేపూ కుడిచేత్తో షీటు పట్టుకునే ఉంది.

ఊళ్ళో ఆస్పత్రిలో కడిగి విజయవాడ పంపించారు. నేను, బాబాయ్ వెంట వెళ్ళాం. తండ్రి తోటలోంచి తిన్నగా వచ్చాడు, చొక్కా నిండా మామిడి సొన మరకలు. తన మోచెయ్యి చూపించి, "సొన పడ్డా ఇట్టాగే బొబ్బలేస్తాయి సార్, వారానికి మానిపోద్ది, అదీ అంతేగా?" అని నన్నడిగాడు. నేనే అక్కడ చదువుకున్నవాణ్ణి కాబట్టి నన్నే అడిగాడు. డాక్టరు గారిని కనుక్కుందాం అన్నాను. ఆ కంటికి చూపు రాదని డాక్టరు గారు మూడో రోజు చెప్పారు.

రెండో రోజే ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచి, తెల్లకాగితాలు ముందుకు జరిపి, "జరిగింది జరిగినట్టు రాయండి. పాయింట్లవారీగా. ఆ పని మీరు బాగా చేస్తారుగా" అన్నారు. ఆయన నన్ను అబద్ధం రాయమనలేదు. ఇన్నేళ్ళుగా ఆ మాట ఆయన అని ఉంటే బాగుండుననుకుంటూ ఉంటాను. నేను పదకొండు పాయింట్లు రాశాను. ఎన్ని గంటలకు ల్యాబు తెరిచారు, ఎంతమంది విద్యార్థులు, ఎన్ని బల్లలు, నన్ను బయటికి ఎందుకు పిలిచారు, అన్నీ ఉన్నాయి. ఏడో పాయింటు, విద్యార్థిని గాఢ ఆమ్లంలోకి నీటిని పోసినది అని. పదకొండూ నిజాలే. షీటులో ఒక వరుస తీసేశానని మాత్రం వాటిలో లేదు. ప్రిన్సిపాల్ గారు చదివి, ఏడో పాయింటు దగ్గర ఒక్క క్షణం ఆగి, చాలా బాగుంది అన్నారు. సాయంత్రానికల్లా ఆ పిల్ల కనీస జాగ్రత్త తెలియకుండా నీళ్ళు పోసిందని ఊరంతా అనుకున్నారు. మిగతా నలభై ఐదు షీట్లు నేనే వెనక్కి తీసుకున్నాను, లెక్కపెట్టుకుని మరీ.

నాలుగో రోజు మళ్ళీ విజయవాడ వెళ్ళాను. వార్డులో తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని పెదవులు బిగించి ప్రార్థన చేసుకుంటోంది. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేసింది. అమ్మాయి కంటికి, సగం ముఖానికి కట్టు. నా అడుగుల చప్పుడు పోల్చుకుని ఇటు తిరిగి, "సార్, నేను పరీక్ష రాయొచ్చా అండి?" అంది. తరవాత చాలా నెమ్మదిగా, తప్పు తనదే అన్నట్టు చెప్పింది. "పదిలో మా టీచరు చెప్పారు సార్, నీళ్ళలోనే యాసిడ్ పొయ్యాలని. నోట్సులో గీత కూడా కొట్టించారు. నాకు గుర్తొచ్చింది సార్. కానీ మీరు పదిలోవి మర్చిపొమ్మన్నారుగా, షీటులో వేరేగా ఉందిగా, ఇంటర్‌లో ఇట్టా మారిందేమో అనుకున్నా."

నేను బస్సులో తిరిగొస్తూ పన్నెండో పాయింటు రాశాను. ఒకటే వాక్యం. చొక్కా జేబులో పెట్టుకున్నాను.

పదో రోజు పై అంతస్తు హాల్లో పేరెంట్సు మీటింగు పెట్టారు. అసలు సంగతి నేను ఫిజిక్సు ఆయనకొక్కరికే చెప్పాను. ఆయన మెట్ల మీద నన్ను ఆపి, "తమ్ముడూ, పోయిన కన్ను నీ కాగితంతో రాదు. నీ ఉద్యోగం మాత్రం పోతుంది. రేపు ఎక్కడికెళ్ళినా ఈ మాట నీ వెనకే వస్తుంది" అన్నారు. చెడ్డమనిషి కాదాయన, నా మంచి కోరే చెప్పారు. మీటింగులో ఎవరో తండ్రి లేచి, ఇలాంటి పిల్లను మళ్ళీ ల్యాబులోకి రానిస్తారా, మా పిల్లల సంగతేమిటి అని అడిగాడు. ప్రిన్సిపాల్ గారు నా పదకొండు పాయింట్లూ చదివి వినిపించి, మానవతా దృష్టితో ఆ అమ్మాయికి ఆర్ట్స్ గ్రూపులో సీటు ఇస్తాం, సైన్సు గ్రూపు మాత్రం కుదరదు అని ప్రకటించారు. అప్పుడు వెనక వరసలో నుంచి ఆ అమ్మాయి తండ్రి లేచాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. అందరినీ వదిలేసి నా వైపే తిరిగి అడిగాడు.

"సార్, మీరు చెప్పండి. మా పిల్లదే తప్పా అండి? మీరు అవునంటే నేనింకెవర్నీ అడగను."

కాగితం జేబులో ఉంది. తియ్యడానికి చెయ్యి కూడా లేచింది, ఆ చేత్తో కళ్ళజోడు సర్దుకున్నాను. అవునని అనలేదు. "పిల్లలు కంగారులో అలా చేస్తుంటారండి" అన్నాను.

ఆయన ముఖంలో ఏదో తేలికపడ్డట్టు కనిపించింది. నేను అవునన్నట్టే తీసుకున్నాడు. "కంగారు మనిషేలెండి అది, చిన్నప్పట్నించీ" అని, ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "తప్పయిపోయిందండి. మా పిల్ల వల్ల మీ కాలేజీకి మాటొచ్చింది. ఆర్ట్సన్నా ఇప్పించండి బాబూ."

నేను దసరా దాకా అక్కడే పనిచేశాను. తరవాత మానేసి, వేరే ఊళ్ళలో రెండు ఉద్యోగాలు చేసి, చివరికి ఈ నీటి ల్యాబులో చేరాను. మా ల్యాబు నుంచి మూడు నెలలకోసారి ఊరూరా బోరు నమూనాలు తేవాలి. వినగడప వైపు దారి చాలాకాలం నాతో పనిచేసే అతనికి ఇచ్చి, ఎ.కొండూరు వైపు నేను తీసుకునేవాణ్ణి. రెండేళ్ళ కిందట అతను సెలవు పెడితే వెళ్ళక తప్పలేదు. జాబితాలో నాలుగో ఇంటి వసారాలో కుట్టుమిషను ముందు ఒకామె కూర్చుని ఉంది. ఎడమవైపు నుంచి పలకరించాను. ముఖం మొత్తం నా వైపు తిప్పాక గానీ చూడలేదు. చూసి, "బాగున్నారా సార్" అంది, నిన్నటిదాకా క్లాసులో చూసినట్టు.

సీసా చేతిలో పట్టుకుని, నిలబడే, ఉన్నదంతా చెప్పాను. తీసేసిన వరుస, రాయని పాయింటు, జేబులో కాగితం. ఆమె కత్తెరతో బట్ట అంచు సరిచేస్తూ వింది. "నాకు తెలుసు సార్" అంది. "ఆర్ట్సులో చేరాక మా హైస్కూలుకెళ్ళి ఆ పుస్తకం ఇంకొకటి అడిగి తెచ్చుకున్నా. ఇంటర్‌లోనూ అదేం మారదని మా టీచరు చెప్పారు. అప్పుడే తెలిసింది. మీరెప్పటికన్నా వచ్చి మా నాన్నతో ఒక్క మాట అంటారనుకున్నా." తండ్రి అంతకు ముందు సంవత్సరం పోయాడని చెప్పింది.

తల్లి పన్లోంచి మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. నేను అప్పటిదాకా ఉన్నాను. ఎవరో ఆఫీసు మనిషి ఎండన పడి వచ్చాడని ముందు మజ్జిగ ఇచ్చింది, తాగేటప్పుడు పోల్చుకుంది. ఆవిడకూ చెప్పాను. ఆవిడ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని అరుగు మీద కూర్చుంది.

"పోయేదాకా దాన్ని కంగారుదానా అనే పిలిచాడు బాబూ మా ఆయన. గిన్నె జారినా అదే మాట, గ్లాసు జారినా అదే మాట. సంబంధాలు చూడ్డానికొచ్చిన వాళ్ళతో కూడా అదే చెప్పేవాడు, మా పిల్ల కంగారు మనిషి, అందుకే కన్ను పోగొట్టుకుందని. దాచకుండా చెప్పాలని ఆయన పట్టుదల."

తరవాత అడిగింది. "ఆ రోజు మీరీ మాటంటే, దానికి సైన్సు సీటు ఉండేదా?"

ఉండేదమ్మా అన్నాను.

ఇప్పుడు చాలా మారాయి. ప్రభుత్వ బడుల్లోనే ఇంగ్లీషు వచ్చింది, తెలుగులో నేర్చుకున్నదాన్ని వదులుకుని రావలసిన పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. ఎరువుల కొట్టు పైన కాలేజీ తీసేసి పెళ్ళిబట్టల షాపు పెట్టారు. ఈ మధ్య మా బంధువుల అమ్మాయిని చేర్చడానికి వెళ్ళి ఒక కోర్సు చూశాను. ప్రయోగాలన్నీ తెర మీదే జరుగుతున్నాయి, గాజు గ్లాసులో రంగు తనంతట తనే మారుతోంది, ఎవరికీ దెబ్బ తగలదు, ఎవరి చేతికీ ఏమీ తెలియదు. అది మేలేనని తలాడించాను. ఆమ్లం మట్టానికి కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక పదిహేనేళ్ళ పిల్ల కొలత సరిచూసుకోవడం ఎలా ఉంటుందో అక్కడున్న వాళ్ళెవరూ చూసి ఉండరు. నేను కూడా చూడలేదు, ఎ.కొండూరు అమ్మాయి తరవాత చెబితే విన్నాను.

వినగడప దారి ఇప్పుడు నాదే. తల్లి సీసా నింపి అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోతుంది, పలకరించదు, మజ్జిగ ఇవ్వదు. అమ్మాయి మాత్రం కిందటిసారి నీళ్ళు ఎలా ఉన్నాయి సార్ అని అడుగుతుంది. నేను కుడివైపుగా వెళ్ళి నిలబడి, కాగితం తీసి, ఉప్పెంత, సున్నమెంత, ఇనుమెంత, అన్ని అంకెలూ మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. ఆమె ఎంతవరకో వింటుంది. ఆ తరవాత మిషను తొక్కడం మొదలుపెడుతుంది. ఆ చప్పుడులో మిగతావి ఎవరికీ వినపడవు, అయినా చివరిదాకా చదివే వస్తాను.